గొళ్ళెం పడే తలుపు

మా మావయ్యగారు, అంటే మా ఆయన వాళ్ళ నాన్న, పోయిన వారం కన్నుమూశారు. కళ్ళంలో మిరపకాయలు తిరగేసి వచ్చి అరుగు మీద కూర్చున్నారు. "అమ్మాయ్, కాసిని మంచినీళ్ళియ్యి" అన్నారు. నేను చెంబుతో వచ్చేసరికి మనిషి లేరు. ఆయన గురించి ఎవరడిగినా నాకు ముందు గుర్తొచ్చేది ఒక తలుపు. మీకూ అదే చెబుతాను.

నేను కాపరానికి వచ్చినప్పుడు మా వాళ్ళు అద్దంకి దగ్గర అద్దె ఇంట్లో ఉండేవారు. ఆ ఇల్లుగలాయన కలప పిరమైందని పచ్చి కర్రతో తలుపులు చేయించి, పైన నున్నగా రంగు కొట్టించాడు. వానాకాలం అవి ఉబ్బిపోయి మూతపడేవి కావు. ఎండలకు వంకరపోయి సందులు తేలేవి. కళ్ళాల రోజుల్లో ఆ సందుల్లోంచి మిరప ఘాటు దూరి ఇంటిల్లిపాదికీ తుమ్ములే తుమ్ములు! మా గదికైతే ఏ కాలంలోనూ గొళ్ళెం పడేది కాదు. చీర మార్చుకోవాలంటే పుట్టింటి ట్రంకుపెట్టె జరజరా ఈడ్చి తలుపుకి అడ్డం పెట్టేదాన్ని. కొత్త కోడల్ని, ఎవరితో చెప్పుకోను? సిగ్గుతో చచ్చిపోయేదాన్ని.

తర్వాత సొంత ఇల్లు మొదలైంది. మావయ్యగారు కలప అడితికి వెళ్ళినప్పుడల్లా మొహం వేలాడేసుకుని తిరిగొచ్చేవారు. వెళ్ళిన ప్రతిసారీ రేటు పెరిగే ఉండేది. చివరికి బాగా ఆరిన టేకు ఒక్క గుమ్మానికీ, దాని తలుపుకీ సరిపోయేంత కొన్నారు.

"మిగతావి పచ్చి కర్రతో లాగించేద్దాం నాన్నా. పాలిష్ కొడితే ఎవడికి తెలుస్తది?" అన్నాడు మా ఆయన.

"తడి మిరపకాయ బస్తాలో కుక్కితే బూజు పట్టదంట్రా? తెలిసి తెలిసి ఇంట్లో పెట్టుకోటానికి నేనేమన్నా పిచ్చోణ్ణా?" అని కసిరారు మావయ్యగారు.

ఆ ఒక్క టేకు గుమ్మం సింహద్వారానికే అని మా అత్తగారు ఎప్పుడో ఖాయం చేసుకున్నారు. మా వైపు ఇంటి పరువంతా వీధి గుమ్మంలోనే ఉంటుంది మరి. గుమ్మం నిలబెట్టే రోజు పసుపు గిన్నె పట్టుకుని ఆవిడ వీధివైపు నిలబడ్డారు. మావయ్యగారేమో వడ్రంగిని లోపలికి తీసుకెళ్ళి, "ఇది అబ్బాయోళ్ళ గదికి పెట్టు" అన్నారు.

"మతిగానీ పోయిందా మీకు? వీధి గుమ్మానికేం పెడతారు?" అత్తగారు లోపలికి పరిగెత్తుకొచ్చారు.

"రేకు తలుపు."

"ఊళ్ళో తలెత్తుకోవద్దూ?"

"ఊరు మనింటికొచ్చి చీరలు మార్చుకోదు కదే." ఆయన గొంతు తగ్గించారు. "ఆ పిల్ల రోజూ పెట్టె ఈడ్చుకుంటా ఉంటే వినపడట్లా నీకు?"

గోడ ఇవతల నేనున్నాను. కళ్ళనీళ్ళు ఆగలేదు. అత్తగారు పసుపు తెచ్చి నా గుమ్మానికే రాశారు.

గృహప్రవేశానికి వచ్చిన చుట్టాలు ఊరుకుంటారా! "ఏంది బావా, ఇది ఇల్లా, గొడ్ల సావిడా?" అని ఒకాయన పడీ పడీ నవ్వాడు. "దొంగోడొస్తే మోగుద్ది లేరా" అని మావయ్యగారూ నవ్వేశారు. లోపలి గదులకు చాలా ఏళ్ళు అత్తగారి పాత చీరల పరదాలే. ఆరిన కర్ర దొరికినప్పుడల్లా ఒక్కో తలుపూ పెట్టించుకుంటూ వచ్చారు. వీధి తలుపు వంతు మాత్రం రానేలేదు.

ఏటా తొలి వానలు పడగానే ఆయన టీ గ్లాసు పట్టుకుని వసారాలో నిలబడేవారు. గదివైపు చూడకుండా, "అమ్మాయ్, గొళ్ళెం పడతందా?" అని అడిగేవారు. "పడుతుంది మావయ్యా" అన్నాకే టీ తాగేవారు. పుట్టింట్లో కూడా నాకంటూ మూసుకునే తలుపు లేదండీ. ఆ టేకు తలుపు వెనకే పరీక్షలకు చదువుకున్నాను, పిల్లకు పాలిచ్చాను, మా ఆయన మీద అలిగాను. ఎంతమంది ఆడపిల్లలకు దొరుకుతుంది అలాంటి మావగారు!

పోయిన వారం ఆయన్ని ఆ రేకు తలుపులోంచే బయటికి తీసుకెళ్ళారు. ఎవరి భుజమో తగిలి అది దడదడా మోగింది. ఇల్లంతా జనం. నేను నా గదిలోకి వెళ్ళి తలుపు మూసి గొళ్ళెం పెట్టాను. ఎప్పటిలాగే ఇట్టే పడింది.

"పడింది మావయ్యా" అన్నాను. అప్పుడు కరువుతీరా ఏడ్చాను.