అందరూ బాగున్నావన్న రోజు

చెరువు నీళ్ళు పట్టి తెచ్చిన సీసా మూత తిప్పగానే ఒక వాసన వస్తుంది. బురద, నాచు, రొయ్యల మేత, కొంచెం ఉప్పుగాలి కలిసిన వాసన. మచిలీపట్నంలో నేను పనిచేసే ల్యాబ్‌కి పొద్దున్నే అలాంటి సీసాలు వస్తాయి. కొత్తగా చేరిన పిల్లలు ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం మూత తీయగానే నాగాయలంక సుజాత మేడమ్ గుర్తుకొస్తారు. ఆవిడ ముఖం కాదు, నాకు ముఖాలు సరిగ్గా గుర్తుండవు. ఆవిడ గొంతు. ఎంత పెద్ద రైతు ఎంత గట్టిగా అరుస్తూ వచ్చినా ఆ గొంతు కాస్త కూడా పెరిగేది కాదు. అదెలా సాధ్యమా అని ఆ రోజుల్లో తెగ ఆలోచించేదాన్ని.

మేడమ్‌ది చల్లపల్లి దగ్గర రైతు కుటుంబం. చేపల పెంపకం గురించి చదువుకుని, నాగాయలంక బస్టాండుకి దగ్గర్లో రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్ష చేసే ల్యాబ్ పెట్టారు. నాకంటే కొద్ది ఏళ్ళే పెద్ద. నేనంటారా, బీఎస్సీ చదివి గుడివాడలో రెండు ఉద్యోగాలు పోగొట్టుకున్నదాన్ని. బళ్ళో పిల్లల గోల భరించలేక పాఠం మధ్యలో లేచి ఇంటికి వచ్చేశాను. తర్వాత ఒక షాపులో చేరితే, కొత్త షాపు ఎలా ఉందని యజమాని అడిగాడు. లైట్లు కళ్ళలో గుచ్చుకుంటున్నాయనీ, బోర్డు మీద పేరు తప్పు రాశారనీ చెప్పాను. అడిగాడు కాబట్టే చెప్పాను! మా ఊళ్ళో నన్ను ఉత్త కరుణ అని ఎవరూ అనేవారు కాదు, తిక్క కరుణ అనేవారు.

అంగన్‌వాడీలో ఆయాగా చేస్తూ నన్ను ఒంటిచేత్తో పెంచిన మా అమ్మే ల్యాబ్‌కి వెంటబెట్టుకుని వెళ్ళింది. మా అమ్మాయి మంచిదేనండీ, కాకపోతే మనుషులతోనే కాస్త ఇది, అని నసుగుతోంది. నేను బల్ల మీద సీసాలు చూస్తున్నాను. ఒకే ఊరి నీళ్ళు ఒకటి పచ్చగా, ఒకటి ఎర్రగా ఎందుకున్నాయని అడిగాను. మేడమ్ అమ్మని ఆగమని నాకు జవాబు చెప్పారు. ఇంకోటి అడిగాను, దానికీ చెప్పారు. అమ్మ నా మోచెయ్యి గిల్లింది.

"గిల్లకండి పిన్నిగారూ. అడగాల్సినవే అడుగుతోంది," అన్నారు మేడమ్. మర్నాటి నుంచి పనిలోకి రమ్మన్నారు.

స్ట్రెస్ అనే మాట నేను డాక్టర్ల దగ్గర కాదు, రొయ్యల రైతుల దగ్గర నేర్చుకున్నాను. మా దగ్గర పొద్దున లేస్తే అదే మాట. రొయ్య స్ట్రెస్‌లో ఉందండీ, మేత ముట్టడం లేదండీ, రొయ్యపిల్ల సీడే మంచిది కాదండీ అంటూ వచ్చేవారు. మేడమ్ వాళ్ళకి కాఫీ తెప్పించి, "ముందు నీళ్ళు చూద్దాం" అనేవారు. పిల్లని అనడానికి ముందు నీళ్ళు చూడాలనేది ఆవిడ పద్ధతి. ఒకసారి ఆవిడతో గట్టు మీదికి వెళ్ళాను. మండుటెండలో రైతు చెక్ ట్రే పైకి లాగాడు. రొయ్యలు ఎలా ఉన్నాయో చూసుకోవడానికి నీళ్ళలో వేలాడదీసే వల పళ్ళెం అది. అందులో రొయ్య ఒకటి వంకర తిరిగి, కండ తెల్లబడి, కొయ్యలా బిగుసుకుపోయింది. దీనికేం జబ్బని అడిగాను. జబ్బేం లేదనీ, వేడిలో పైకి ఎత్తేసరికి అలా అయిందనీ చెప్పారు. అంటే మనం చూడ్డానికి ఎత్తడమే దానికి చేటా అన్నాను. ఆవిడ నవ్వలేదు. అవునన్నారు. దారంతా నేను దాని గురించే ఆలోచించాను.

ఆ వేసవిలోనే ఒక మధ్యాహ్నం కరెంటు పోయి, గుమ్మం పక్కనే ఉన్న జనరేటరు మోగడం మొదలైంది. ఇద్దరు రైతులు గొడవ పడుతున్నారు. ఎవరిదో ఫోను పాడుతోంది. నాకు తెలిసేసరికి బల్ల కింద చెవులు మూసుకుని కూర్చుని ఉన్నాను, ఒకటే మాట పదే పదే అంటున్నాను. జనం మూగారు. ఫిట్స్, తాళాలగుత్తి చేతిలో పెట్టండని ఒకాయన. సోడా తెమ్మని ఇంకొకాయన. మా చర్చి సంఘం పెద్దాయన నా నెత్తి మీద చెయ్యి పెట్టి గట్టిగా ప్రార్థన మొదలుపెట్టారు. అది ప్రేమే, కాదనను. కానీ ఆ చెయ్యి నాకు నిప్పులా ఉంది. మేడమ్ అందరినీ బయటికి పంపి, జనరేటరు ఆపి, తలుపు దగ్గరికి వేసి గడప అవతల కూర్చున్నారు. లోపలికి రాలేదు, పిలవలేదు. నేను లేచి వచ్చాక ఏమైందని కూడా అడగలేదు. ముందు ఏ చప్పుడుతో మొదలైందని మాత్రం అడిగారు. మర్నాడు జనరేటరు భవనం వెనక్కి పోయింది.

విజయవాడలో డాక్టరు దగ్గర చూపించుకోమని పంపింది కూడా ఆవిడే. ఆ డాక్టరు చాలాసేపు మాట్లాడి, నాకున్నది ఆటిజం అన్నారు. అది పిల్లలకే కాదా అని అమ్మ అడిగింది. ఆ పిల్లలు పెద్దవాళ్ళవరా అన్నారు డాక్టరు. నాకా మాట బాగా నచ్చింది. నా బీపీ కూడా చూసి, ఈ వయసులో ఇంత ఉండకూడదన్నారు. ఇలాంటివాళ్ళు సగటున కొంచెం తక్కువ కాలం బతుకుతున్నట్టు పరిశోధనలు చెబుతున్నాయి, నొప్పి వచ్చినా పైకి చెప్పుకోలేరు, జీవితమంతా లోపల ఒత్తిడి ఉంటుంది, అందుకని ఒళ్ళు జాగ్రత్తగా చూసుకోవాలి అని చెప్పారు. అమ్మ ఇందులో మొదటి ముక్కే విన్నట్టుంది.

తిరుగు బస్సులో చల్లపల్లి దాటాక అమ్మ మా పిన్నితో ఫోన్లో గొంతు తగ్గించి, "ఒకందుకు నయమేలే చెల్లీ. నా వెనకాల అది ఎక్కువ కాలం ఒంటరిగా పడి ఉండక్కర్లేదు," అంది. నేను కిటికీ పక్కనే ఉన్నాను. మొదట నాకు బాధ కలగలేదు, ఆ లెక్క ఎలా కడతారా అనుకున్నాను. అవనిగడ్డలో బస్సు దిగాకే అసలు సంగతి అర్థమైంది. నన్ను అందరి కంటే ఎక్కువ ప్రేమించిన మనిషి, నేను తొందరగా పోతానని తెలిసి ఊపిరి పీల్చుకుంది. అమ్మ మీద కోపం రాలేదు. భయం వేసింది. నాకు చావాలని లేదు. చూడాల్సినవి ఇంకా చాలా ఉన్నాయి.

మర్నాడు మేడమ్‌కి ఇదంతా ఉన్నదున్నట్టు చెప్పి, నేనెన్నాళ్ళు బతుకుతానని అడిగాను. ఆవిడ చేతిలో సీసా కింద పెట్టారు.

"సగటంటే బాగా పండిన చెరువూ, పోయిన చెరువూ కలిపి చెప్పేదే కదా కరుణా. నీ చెరువు మనమింకా చూడనేలేదు. చూద్దాం పట్టు."

మందుల షాపు నుంచి బీపీ మిషన్ వచ్చింది. అన్నాళ్ళూ అందరూ నాకు టెన్షన్ పెట్టుకోకు అని చెప్పినవాళ్ళే. ఆ టెన్షన్ ఎక్కడుందో వెతుకుదామన్నది మేడమ్ ఒక్కరే. ఎంత సరదాగా ఉండేదో ఆ పని! సంతకి వెళ్ళొచ్చి చూసుకునేదాన్ని, గుడికి వెళ్ళొచ్చి చూసుకునేదాన్ని. రైతుల అరుపులే కారణమని అమ్మ అంది. జనరేటరని నేను పందెం కాశాను. ముందు అంకెలు రానివ్వమన్నారు మేడమ్. తీరా చూస్తే అరుపులూ, జనరేటరూ ఉన్న రోజుల్లో బీపీ కొంచెం పెరిగేది, పనిలో పడ్డాక దిగిపోయేది.

అంతలో గుడివాడలో మా బాబాయి కూతురి పెళ్ళి వచ్చింది. ఈసారి అమ్మ పరువు నిలబెట్టాలని గట్టిగా అనుకున్నాను. పట్టుచీర ఒంటికి గుచ్చుకుంటున్నా కట్టుకున్నాను. కళ్ళలోకి చూడలేను కనక కనుబొమల మధ్య చూస్తూ అందరినీ పలకరించాను, తిన్నారా అత్తయ్యా, ఎప్పుడొచ్చారు మావయ్యా అని. బ్యాండు పక్కన నిలబడి ఫొటోలు దిగాను. కరుణ పూర్తిగా మారిపోయింది, ప్రార్థనలు ఫలించాయి అన్నారు అందరూ. అమ్మ ముఖం వెలిగిపోయింది. నేను హాలు వెనక గిన్నెలు తోమే చోటికి వెళ్ళి, సంచిలోంచి మిషన్ తీసి చూసుకున్నాను. అంత ఎక్కువ ఎప్పుడూ రాలేదు. మళ్ళీ చూశాను, అంతే.

అది విని మేడమ్ పాత అంకెలన్నీ తిరగేసి చూశారు. తర్వాత, "నువ్వు బాగున్నావని అందరూ అన్న రోజే అన్నిటికంటే ఎక్కువుంది చూశావా," అన్నారు. నా మట్టుకు నాకు అది పెద్ద సమాధానం దొరికినట్టే. ఇన్నాళ్ళూ నన్ను తినేస్తున్నది గోల ఒక్కటే కాదు. బాగున్నట్టు కనిపించడానికి నేను పడే పాటు.

ఆ వారమే ఆవిడ అమ్మని పిలిపించారు. పెళ్ళి రోజు సంగతి చెప్పి, నన్ను నాలా ఉండనివ్వమన్నారు. అమ్మ ఒప్పుకోలేదు. ఇలాగే ఉంటే నలుగురిలో ఎలా నెగ్గుకొస్తుంది, నేను పోయాక దాన్నెవరు దగ్గరికి తీస్తారు, అందుకే గదండీ నా తాపత్రయం అంది.

"నలుగురి కోసం నవ్వీ నవ్వీ మీకంటే ముందే పోతుంది పిన్నిగారూ. అప్పుడు దగ్గరికి తీసేవాళ్ళ అవసరమే ఉండదు. మీకు అదేనా కావాలి?"

గొంతు ఎప్పటిలాగే నెమ్మదిగా ఉంది. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నాకు ఏం చెయ్యాలో తెలియక నీళ్ళ గ్లాసు తెచ్చి పక్కన పెట్టాను. బస్సులో అన్న మాట నేను విన్నానని అమ్మకి అప్పుడే తెలిసింది.

అక్కణ్ణుంచి కొన్ని మారాయి. ఆదివారం గుడిలో మైకు పక్కన కాకుండా బయట వరండాలో చెప్పుల దగ్గర కూర్చోవడం మొదలుపెట్టాను. మొదట్లో అమ్మ సిగ్గుపడింది. కొన్నాళ్ళకి తనూ వచ్చి నా పక్కన కూర్చుంది. పెళ్ళిళ్ళకి వెళ్ళడం మానేసి, సందడి సద్దుమణిగాక వెళ్ళి పెళ్ళికూతురిని చూసి వస్తున్నాను. పొగరనుకున్నవాళ్ళు అనుకున్నారు. బీపీ తగ్గింది. మాత్ర మాత్రం ఇప్పటికీ వేసుకుంటున్నాను.

ఒక రోజు ఊరికే కుతూహలం కొద్దీ ఆ బీపీ పట్టీ మేడమ్ చేతికి చుట్టాను. ఆ పెళ్ళి రోజు నాకు వచ్చిన అంకె కంటే ఎక్కువ వచ్చింది. మిషన్ పాడైందిలే అన్నారు. నేను నాకు పెట్టి చూసి, పాడవలేదని చెప్పాను. ఈ పంట అవగానే చూపించుకుంటాలే అన్నారు. నేను మర్చిపోయే రకం కాదు, ప్రతి పంటకీ గుర్తుచేశాను. ప్రతి పంటకీ నవ్వారు. ఒక మధ్యాహ్నం చెరువు పోయిన రైతుకి ధైర్యం చెబుతూ చెబుతూ కుర్చీలో పక్కకి ఒరిగిపోయారు. గుండె ఆగిపోయింది. ఎప్పుడూ నవ్వుతూ ఉండే మనిషికి ఇలా ఎలా అయిందని అందరూ అన్నారు. అందరి అరుపులూ తను మింగి ఆ గొంతు పెరగకుండా పట్టుకున్నందుకే అయిందని నాకు అనిపిస్తుంది. నా నీళ్ళు చూసిన మనిషి తన నీళ్ళు చూసుకోలేదు. ఆవిడ మీద నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు, దిగులూ తగ్గలేదు.

ఆవిడ పేరు చెప్పుకుని నేను రోజూ చేసేది ఇదే. బాగోలేకపోతే బాగోలేదని చెప్పి బయటికి వెళ్ళిపోతాను. ఇప్పటి మచిలీపట్నం ల్యాబ్‌లో కొత్త పిల్లలెవరైనా ముఖం వేలాడేసుకుంటే వాళ్ళనేమీ అనకుండా ముందు గదిలో ఏం మోగుతోందో చూస్తాను. పోయిన నెలతో నేను మేడమ్ చనిపోయినప్పటి వయసు దాటాను. ఆవిడ చూడని వయసులో ఉన్నాను. అది అమ్మకి చెబితే, తన వేళ్ళు మడిచి లెక్క చూసుకుని, ఆదివారం గుడి వరండాలో చేతులు జోడించి కళ్ళు మూసుకుంది. నా కోసమని మెల్లగా, పెదాల మీదే ప్రార్థన చేసింది.

"దేవా, నేను పోయాక కూడా నా బిడ్డ చాలా ఏళ్ళు ఉండాలి."

ఒప్పుకుంటే తప్ప నేను ఏ ప్రార్థనకీ ఆమెన్ అనను. ఆ రోజు అన్నాను.