తొమ్మిది రావాలన్నారు నాన్నగారు

ఎమ్మెస్సీ లెక్కలు ప్యాసై, రాజమండ్రిలో ఓ స్కూల్లో టీచరుగా చేరిన ఆ రోజుల్లో నాకు మనుషుల కంటే ప్రధాన సంఖ్యలే దగ్గర చుట్టాలు. ఒకటితోనూ తనతోనూ తప్ప ఇంక దేనితోనూ తెగని సంఖ్య కనబడితే చాలు, ప్రాణం లేచొచ్చేది. బస్సు టికెట్టు మీద నంబరు ప్రధాన సంఖ్యా కాదా అని తేల్చుకుంటూ దిగాల్సిన స్టాపు దాటిపోయిన రోజులున్నాయి. (కండక్టరు గారు నన్ను అదోలా చూసేవారు. ఆయన తప్పేం లేదు.)

అందుకే కొవ్వూరులో మా ఇంటి నుంచి గోదావరి బ్రిడ్జి మీదుగా స్కూలుకి వెళ్లి రావడానికి స్కూటరు కొనుక్కున్నప్పుడు, నంబరు 9973 కావాలని పట్టుబట్టాను. నాలుగంకెల ప్రధాన సంఖ్యల్లో అన్నిటికంటే పెద్దది మరి! మాది చేపల వ్యాపారం. నాన్నగారు ఐసు పెట్టెల తూకాలు కూడుకుంటూనే నా ఉపన్యాసం ఓపిగ్గా విన్నారు. ప్రధాన సంఖ్యంటే ఏంటో రెండోసారి చెప్పించుకున్నారు కూడా. చివరికి, "నీకు నచ్చిన ప్రధాన సంఖ్యే పెట్టుకో అమ్మా. అంకెలన్నీ కూడితే మాత్రం తొమ్మిది రావాలి. అప్పటిదాకా బండి గేటు దాటకూడదు" అన్నారు. బండి నంబరుకి తొమ్మిది రావాలన్న పట్టింపు మా వైపు ఎవరికి లేదు గనక? నాలుగంకెల ప్రధాన సంఖ్యలు వెయ్యికి పైగా ఉన్నాయి, ఒక్కటి దొరకదా, ఇదో లెక్కా అనుకుని సరేనన్నాను.

పుస్తకం వెనక పట్టిక ముందేసుకుని పైనుంచి మొదలుపెట్టాను. 9973కి ఇరవై ఎనిమిది, అంటే పది, అంటే ఒకటి. దాని కిందదానికి నాలుగు. ఆ కిందదానికీ నాలుగే. పెసరట్టు చల్లారిపోయింది, అమ్మ దిష్టి తీసింది, మూడు రోజులు గడిచాయి, తొమ్మిది మాత్రం రాలేదు. (అదే వారం ఆరో తరగతికి నేను చెప్పిన పాఠం: అంకెల మొత్తం తొమ్మిదితో తెగితే ఆ సంఖ్య కూడా తొమ్మిదితో తెగుతుంది. పిల్లల చేత పదేసిసార్లు రాయించాను. సిగ్గు లేకపోతే సరి.)

మూడో రోజు సాయంత్రం నాన్నగారు తూకాల మొత్తం సరిచూస్తున్నారు. అంకెలు కూడుతూ తొమ్మిదులు తీసేస్తున్నారు. ఎందుకలా అని అడిగాను.

"ఏమీ మిగల్లేదంటే అది తొమ్మిదికి తెగేదని గుర్తమ్మా. మా నాన్న నేర్పాడు" అన్నారు.

తొమ్మిదికి తెగేది ప్రధాన సంఖ్య ఎలా అవుతుంది? పట్టిక మూసేశాను.

"అయితే అలాంటి ప్రధాన సంఖ్య ఉండదని మీకు ముందే తెలుసా?"

నాన్నగారు తల ఎత్తలేదు. "ఆ బ్రిడ్జి మీద లారీలు ఎలా వస్తాయో చూశావా? ఇంకో నాలుగు రోజులు ఇంట్లో ఉంటావని అన్నానమ్మా."

కోపం రావాల్సింది. నవ్వొచ్చింది, దాని వెనకే ఏడుపూ వచ్చింది. 9973 వచ్చింది. మొదటి రోజు బ్రిడ్జి పొడవునా నాన్నగారు చేపల ఆటోలో నా వెనకే వచ్చారు. స్కూలుకి ఆ వాసనతోనే వెళ్లాను.

మొన్న మా అమ్మాయి బండి కావాలంది. ప్రధాన సంఖ్య నంబరే తీసుకోవే, కాకపోతే కూడితే తొమ్మిది రావాలి అన్నాను. అది ఫోన్ చూసి, "అలాంటిది ఉండదమ్మా, నీకు తెలీదా?" అంది. నాన్నగారికి మూడు రోజులు దొరికాయి. నాకు మూడు నిమిషాలే.