నెత్తిమీది గంప దించే గోడ

మా పెద్దమ్మ పోయింది.

ఆ ఉదయం టెక్కలిలో నేను గీసిన ఒక ఇంటికి శ్లాబు పోస్తున్నారు. కాంక్రీటు కలిపే మిల్లరు చప్పుడులో ఫోను మోగుతున్నా వినబడలేదు. మేస్త్రి సైగ చేస్తే చూసి తీశాను. అవతల అమ్మ. రెండే ముక్కల్లో సంగతి చెప్పింది. నేను ఉన్నపళాన బయల్దేరుతానంటే తనే వద్దంది.

"సిలాబు అయినాకే రావే. మద్దిలో ఒగ్గీసి వచ్చినావంటే మీ పెద్దమ్మ లేసి కూకుని మరీ తిడతాది."

నిజమే, తిట్టేది. అందుకే ఉండిపోయాను. ఆఖరి తట్ట కాంక్రీటు పడేదాకా కళ్ళు తుడుచుకుంటూ నిలబడి, బారువ పక్కనున్న మా ఊరు చేరేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. అప్పటికి ఊరి ఆడవాళ్ళంతా ఆవిడ వాకిట్లోనే ఉన్నారు.

ఆవిడ మా అమ్మకి అక్క. పెదనాన్న చిన్న వయసులోనే సముద్రం మీదికి వేటకెళ్ళి తిరిగి రాలేదు. పిల్లలు లేరు. ఒడ్డున ఎండబెట్టిన నెత్తళ్ళూ కవళ్ళూ లాంటి చేపలు గంపకెత్తుకుని పలాస, టెక్కలి సంతల్లో అమ్ముకుని బతికింది. బడి మెట్లు ఎక్కలేదు. నేను విశాఖపట్నంలో ఐదేళ్ళు ఆర్కిటెక్చర్ చదివాను. మంచి గురువులే దొరికారు. కానీ నేను గీసిన గీతల మధ్య నడిచి, కూర్చుని, పడుకుని చూసి "ఇది తప్పే" అని చెప్పిన మనిషి మాత్రం ఆవిడొక్కతే.

రెండో ఏడాదిలో మాకు ఒక కుటుంబానికి ఇల్లు గీయమని పనిచ్చారు. నేను పెద్దమ్మకే ఇల్లు గీశాను. సెలవులకి వచ్చినప్పుడు గర్వంగా ఆ షీటు తీసుకెళ్ళి చాప మీద పరిచాను. ఆవిడ చేపలు శుభ్రం చేస్తోంది. చేతులు కడుక్కుని, చీర కుచ్చిళ్ళకి రెండుసార్లు తుడుచుకుని వచ్చి కూర్చుంది.

"ఇది గుమ్మమా?"

"ఆఁ."

ఆ గుమ్మంలో వేలు పెట్టి, వేలినే లోపలికి నడిపించింది. హాలు మధ్యకి వచ్చాక వేలు ఆగిపోయింది.

"మరి గంప ఎక్కడ దించాలే?"

"కింద పెట్టెయ్, పెద్దమ్మా."

"ఒక్కద్దాన్నీ ఎలగ దించుతాను? ఎత్తడానికో మనిసి గావాల, దించడానికో మనిసి గావాల. మీ పెదనాన్న పోయిన కాడ నుంచీ సంత నుంచి వచ్చి వాకిట్లో నిలబడి, దార్న పోయేవోళ్ళని పిలుత్తన్నాను, అమ్మా ఒక సెయ్యెయ్యండని. ఎవులూ నేకపోతే అలగే నిలబడతాను."

ఈ మాట ఆవిడ బాధగా అనలేదు. ఈ రోజు గాలి ఎటునుంచి వీస్తోందో చెప్పినట్టే చెప్పింది. ఇరవై ఏళ్ళుగా ఆ వాకిట్లో తిరుగుతున్న నేను, ఆవిడ అలా నిలబడడం ఎన్నోసార్లు చూసి, పరుగెత్తుకెళ్ళి చెయ్యి కూడా వేసి, ఒక్కసారీ దాని గురించి ఆలోచించలేదు.

తర్వాత వేలు పెద్ద కిటికీ దగ్గరికి వెళ్ళింది. సముద్రం కనబడడానికని చెప్పాను. పకపకా నవ్వింది.

"నానేటి సుట్టం సూపుకి వచ్చినానా? పొద్దల్లా దాన్నే సూత్తన్నాను. సముద్రానికి ఈపు సూపించి ఇల్లు కట్టాలే. గాలికి మాత్రం తోవియ్యి. నువ్వియ్యకపోతే అదే సేసుకుంతాది."

మర్నాడు పొద్దున్నే పాత వల తాడొకటి భుజాన వేసుకుని నన్ను ఇసుకలోకి తీసుకెళ్ళింది. కాగితం మీద తనకి తెలీదట, ఇక్కడ గీసి చూపించమంది. టేపు పట్టుకుని, పుల్లలు పాతి, తాడు కట్టి ఆ ఇంటినంతా ఇసుక మీద నిజం కొలతలతో వేశాను. ఆవిడ గుమ్మంలోంచి లోపలికొచ్చింది. వంటగదిలో గొంతుక్కూర్చుని లేని పొయ్యి ఊదింది. పడగ్గదిలో కాళ్ళు బారజాపుకుని పడుకుంది. "తల గోడకి తగులుతంది, జరుపు" అంది. పడవల దగ్గరికి వెళ్తున్న ఒకాయన ఆగి, "ఏటప్పా, ఇసకలో కాపరం ఎట్టీసినావా?" అని నవ్వాడు. "అవును బావా, గోడలు రేపొత్తాయి" అంది పెద్దమ్మ, పడుకునే.

మధ్యాహ్నానికి ఆ ఇల్లు మూడుసార్లు మారింది. గుమ్మం పక్కకి జరిగింది. దాని పక్కనే చూరు కింద ఒక పొట్టి గోడ వచ్చింది. ఆవిణ్ణి నిలబెట్టి గడ్డం కిందికి టేపు పెట్టి కొలిచాను. సరిగ్గా నాలుగడుగులు.

ఆ షీటుకి కాలేజీలో వచ్చిన మార్కులు సామాన్యమైనవే. కానీ మరుసటి ఏడాది ఆవిడకి ప్రభుత్వం ఇల్లు మంజూరైతే ఆ ప్లానే కట్టించింది. నా జీవితంలో గోడలు లేచిన మొదటి ఇల్లు అది. అందులో ఒక తప్పు కూడా చేశాను. వంటగది కిటికీ ఎటు పెట్టకూడదో అటే పెట్టాను. మొదటి రోజు పొయ్యి వెలిగించగానే పొగంతా లోపలికే తిరిగి కొట్టింది. నేను ఏడుపు మొహం పెట్టాను. ఆవిడ దగ్గుతూ దగ్గుతూనే మేస్త్రిని పిలిచి గోడ పగలగొట్టించింది. "తప్పు గోడలో ఉందే, నీలో నేదు. గోడైతే పగలగొట్టొచ్చు" అంది. పని మీద తప్పు జరిగిన ప్రతిసారీ ఈ మాటే గుర్తు తెచ్చుకుంటాను.

గృహప్రవేశమైన తర్వాతి సంత రోజు నేను అక్కడే ఉన్నాను. ఆవిడ టెక్కలి నుంచి అమ్ముడుపోని సరుకుతో వచ్చింది. నేను అలవాటుగా లేవబోతే చేత్తో ఆగమంది. పొట్టి గోడ దగ్గరికి వెళ్ళి, మోకాళ్ళు కాస్త వంచి, తల ముందుకి వాల్చింది. గంప జారి గోడ మీద కూర్చుంది. ఆవిడ ఖాళీ నెత్తిని చేత్తో తడిమి చూసుకుంది. తర్వాత ఏం చేసిందో తెలుసా? గోడ మీదినుంచే ఆ గంపని మళ్ళీ నెత్తికెత్తుకుని, వీధిలోకి వెళ్ళి, తిరిగొచ్చి, మళ్ళీ దించింది. అలా మూడుసార్లు.

"ఎవుల్నీ పిలవనేదే" అంది. అంత వెలుగు ఆవిడ మొహంలో నేను అంతకుముందు చూడలేదు.

ఆఖరి ఏడాది థీసిస్‌కి నా స్నేహితులు మ్యూజియంలు, విమానాశ్రయాలు ఎంచుకున్నారు. నేను మా ఊరి ఆడవాళ్ళు చేపలు ఎండబెట్టుకుని, దాచుకుని, అమ్ముకుని, నడుం వాల్చుకునే ఒక భవనం ఎంచుకున్నాను. చుట్టూ గంప ఎత్తు గోడ, గాలి ఇటునుంచి అటు దూసుకుపోయే చిల్లుల గోడలు, తుఫాను వస్తే ఊరంతా పట్టేంత గట్టి కప్పు. ఆ గోడని ఒక బారెడు నిజం కొలతతో ఇటుకలు పేర్చి హాల్లో పెట్టాను. పక్కన ఎండుచేపల బరువుకి సరిపడా ఇసుక పోసిన గంప.

బయటినుంచి వచ్చిన ఎగ్జామినర్ షీట్లన్నీ చూసి కళ్ళజోడు తీశారు. "ఇది షెడ్డు కదమ్మా. ఇందులో ఆర్కిటెక్చర్ ఏముంది?" అన్నారు. నేను షీటు వైపు చెయ్యి చూపించబోయాను. వెనక వరసలో అమ్మ పక్కన, పెళ్ళిళ్ళకి కట్టే చీర కట్టుకుని కూర్చున్న పెద్దమ్మ లేచి నిలబడింది.

"బావూ, ఒక మాట సెప్పొచ్చా? ఇందల పని సేసేదాన్ని నానే."

"చెప్పండమ్మా."

"ఆ గంప ఒకసారి నెత్తికెట్టుకోండి."

ఆయన నవ్వుతూనే ఒప్పుకున్నారు. ఇద్దరు విద్యార్థులు ఎత్తి పెట్టారు. "ఇప్పుడు దించండి. ఎవుల్నీ పిలవకండి" అంది పెద్దమ్మ. హాలంతా నవ్వింది. ఆయన వంగబోయారు, గంప ఒరిగింది, గబుక్కున నిటారుగా నిలబడ్డారు. మళ్ళీ ప్రయత్నించారు. మెడ నరాలు తేలాయి. నవ్వులు ఆగిపోయాయి.

"అదుగో, అక్కడ గోడుంది. మీరు పొడుగు గదా, మోకాళ్ళు ఇంకాసింత వంచండి."

గంప గోడ మీదికి జారింది. ఆయన మెడ రుద్దుకుంటూ ఆ గోడ అంచు తడిమి చూశారు. తర్వాత అడిగారు. "రోజుకి ఎన్నిసార్లమ్మా?"

"లెక్కెట్టనేదు బావూ. లెక్కెడితే నొప్పెడతాది."

ఆయన కుర్చీ నా షీట్ల దగ్గరికి లాక్కున్నారు. ఒక్కో గోడా ఎందుకలా ఉందో చెప్పించుకున్నారు. గంటసేపు చెప్పాను. ఆ ఏడాది కాలేజీ మొత్తంలో మొదటి థీసిస్ నాది. బస్సులో వస్తూ పెద్దమ్మ ఒకే మాట అంది. "ఆ బావు మంచోడే. మెడే గట్టిది కాదు."

ఆ ఊపుతోనే ఆవిడ ఊళ్ళో పని పట్టింది. మా ఊరికి ఒక సామాజిక భవనం మంజూరై ఉంది, ఎక్కడైనా కట్టే మామూలు హాలు. ప్లాను మార్చడం కుదరదని ఇంజనీరు చెప్పాడు. పెద్దమ్మ వాదించలేదు. ముప్పైమంది ఆడవాళ్ళని వెంటబెట్టుకెళ్ళి, ఆయన ప్లానునే ఇసుకలో తాడుతో వేయించి, ఆయన్ని రమ్మంది. అందరూ గంపలతో సహా ఆ తాడు లోపల కూర్చున్నారు. ఇంజనీరుకి కాలు పెట్టడానికి చోటు లేదు.

"రండి బావూ, లోపలికి రండి" అని పిలిచింది ఆయన్ని, ఎంతో మర్యాదగా.

ఆయన తాడు బయటే నిలబడి, తల గోక్కుని, నా డ్రాయింగులు అడిగాడు. పై ఆఫీసులకి తిరగడంలో ఆ తర్వాత మాకంటే ఆయనే ఎక్కువ చెప్పులరగదీశాడు. ఏడాదిన్నరకి భవనం లేచింది. రిబ్బను కత్తిరించే పెద్దలు ఆలస్యమైతే ఆడవాళ్ళు ఆగలేదు. రిబ్బను కింద నుంచి వంగి లోపలికెళ్ళి గంపలు దించేశారు.

మరుసటి ఏడాది తుఫాను వచ్చింది. కొబ్బరిచెట్లు అడ్డంగా పడి దారులన్నీ మూసుకుపోయాయి. ఫోన్లు లేవు. రెండో రోజున నేను కంచిలి వైపు నుంచి పడిన చెట్లు దాటుకుంటూ నడిచి ఊరు చేరాను. ఎన్నో ఇళ్ళ కప్పులు ఎగిరిపోయాయి. నేను గీసిన ఆ భవనం నిలబడి ఉంది. లోపల ఊరు మొత్తం ఉంది. ఒక్క మనిషికీ దెబ్బ తగల్లేదు. పెద్దమ్మ పెద్ద డేగిసా ముందు కూర్చుని గంజి పోస్తోంది. నన్ను చూసి గరిటె ఆపింది.

"సూసినావా? తోవిచ్చినాం, ఎల్లిపోయింది."

నేను అక్కడే కూలబడి, సంతోషం పట్టలేక ఏడ్చాను. ఆవిడ నాకూ ఒక గిన్నె గంజి పోసింది.

చివరి రెండేళ్ళూ మా ఉద్దానం కిడ్నీ జబ్బే ఆవిణ్ణీ పట్టింది. డయాలసిస్‌కి పలాస వెళ్ళొచ్చేది. ఒళ్ళు తగ్గిపోయింది, ప్రశ్నలు తగ్గలేదు. ఆర్నెల్ల కిందట నేను టెక్కలి ఇంటి ప్లాను చూపిస్తే, వేలు నడిపించి, పెరటి దగ్గర ఆపింది. "ఈ ఇంట పనిసేసే మనిసి ఎక్కడ కూకుంతాది?" అంది. ఇంటాయన ఒప్పుకున్నాడు. అక్కడ నీడలో ఒక అరుగు వచ్చింది.

పదో రోజు కార్యమైన మర్నాడు మా ఊరికి ఒక ఆటో వచ్చింది. సంతబొమ్మాళి తీరంలోని ఒక ఊరినుంచి ఏడుగురు ఆడవాళ్ళు. ఈ భవనం సంగతి సంతలో విన్నారట, చూసిపోదామని వచ్చారు. పెద్దమ్మ పోయిందని వాళ్ళకి తెలీదు. అంతా తిరిగి చూశాక వాళ్ళలో పెద్దావిడ అడిగింది. "ఇది గీసినోళ్ళు ఎవులమ్మా?"

నేను పక్కనే ఉన్నాను. మా ఊరావిడ నావైపు చూడనైనా చూడలేదు. "ఆవిడ మొన్ననే పోయిందప్పా. ఇదిగో, ఈ పిల్ల ఆవిడ కాడ పని నేర్సుకుంది" అంది.

నాకు కాలేజీ ఇచ్చిన పట్టా ఉంది, పతకం ఉంది. ఆ మాటతో తూగే బిరుదు మాత్రం ఇంకోటి లేదు. "మాకూ ఒకటి గావాల. నువ్వు వత్తావా, అమ్మీ?" అని పెద్దావిడ అడిగింది. వచ్చే ఆదివారం వస్తానని మాటిచ్చాను.

అన్నాలు తిని వాళ్ళు ఎక్కారు. ఆటో కొబ్బరితోటల మధ్య రోడ్డు మీద మెల్లగా కదిలింది. ఇటు ముగ్గురు, అటు ముగ్గురు బయటికి వంగి, దారి పొడుగునా కనబడిన ప్రతి ఇంటినీ వేలు పెట్టి చూపిస్తూ, ఆ తలుపు అక్కడెందుకు, ఈ మెట్టు ఇంతెత్తెందుకు అని ఒకరితో ఒకరు గట్టిగా పోట్లాడుకుంటూ, మలుపు తిరిగిపోయారు.