మన్ను మనిషి

మొన్న సాయంత్రం టీవీలో క్రికెట్ ఆట మధ్యలో ఒక మానసిక నిపుణుడు కూర్చుని, పేరున్న ఆటగాళ్లలో ఎవరు ఎందుకు అలా ప్రవర్తిస్తారో విడమరిచి చెబుతున్నాడు. ఔటయితే బ్యాటు నేలకేసి కొట్టేవాడు ఒక రకమట, గెలిచినా నవ్వనివాడు ఇంకో రకమట. మా మనవరాలు వెంటనే ఫోనులో ఏవో ప్రశ్నలు తీసి, నేను ఏ రకమో తేల్చే పనిలో పడింది. నాకు ఆ మాటలు కొత్త కావు. మా అమ్మ తండ్రి, అంటే మా తాత, నిజాం మీద సంఘం పోరాడిన రోజుల్లో నర్మెట్ట దగ్గరి మా ఊళ్లో, లంగోటీ బిగించి ఎర్రమట్టిలో కూర్చుని ఇవే చెప్పేవాడు.

తాతది తాలీం. చుట్టుపక్కల పిల్లలందరికీ కుస్తీ నేర్పేవాడు. ఆయన లెక్కలో పహిల్వాన్లు మూడు రకాలు: నిప్పు, గాలి, మన్ను. నిప్పు మనిషి మీద పడతాడు, గాలి మనిషి తప్పించుకుంటాడు, మన్ను మనిషి ఉన్నచోటు వదలడు. ఈ కొలత ఆయన తాలీం దగ్గర ఆపలేదు. ఊళ్లో పటేలు, చాకలి, మా బర్రె, అందరికీ ఒక్కో రకం అంటగట్టాడు. "మరి నువ్వేందయ్యా?" అని అమ్మమ్మ అడిగితే, "నేను చూసెటోన్ని" అనేవాడు మీసం దువ్వుకుంటూ.

ఆయన దృష్టిలో అసలైన మన్ను మనిషి సొంత కొడుకే, మా మేనమామ. నా చిన్నప్పుడే నాయిన పోవడంతో అమ్మా నేనూ తాత ఇంట్లోనే ఉండేవాళ్లం కనుక, మామ ఒళ్లంతా నూనె వాసనతో, అరచేతుల నిండా మట్టితో ఇంటికి రావడం నాకింకా కళ్ల ముందే ఉంది. గార్ల జాతరలో పేరుమోసిన పహిల్వాను ఒకడు అతని మొహాన మట్టి కొట్టాడు, తిట్టాడు, చుట్టూ తిరుగుతూ తొడ చరిచాడు. మామ కదలలేదు. వాడు అలిసి దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం ఒక్కసారి వంగి ఎత్తి వెల్లకిలా వేశాడు. ఆ తర్వాత బచ్చన్నపేట నుంచి కూడా మనుషులు అతన్ని చూడ్డానికి వచ్చేవారు, ఏం తింటాడో కనుక్కునేవారు. "వాడేం తిన్నా అంతే. మన్ను ముందుగాల కదలది" అనేవాడు తాత.

అమ్మ ఆ రోజుల్లో చేనుకు పోతున్నట్టు గంప ఎత్తుకుని, గడ్డి కింద జొన్నరొట్టెలు దాచి, గుట్టల్లో దాక్కున్న సంఘం దళానికి ఇచ్చి వచ్చేది. ఆ సంగతి మామకూ నాకూ తప్ప ఇంట్లో ఎవరికీ తెలియదు. ఒక మధ్యాహ్నం దొర గడీ నుంచి తుపాకులవాళ్లు వచ్చి ఊరందరినీ చావడి ముందు నిలబెట్టారు. ఆడవాళ్లు ఒక పక్క, మగవాళ్లు ఒక పక్క. రొట్టెలు మా వాడ నుంచే పోతున్నాయని వాళ్లకు తెలిసింది. మా వాడ ఆడవాళ్లను ఒక్కొక్కరినే ముందుకు లాగి అడుగుతున్నారు, కొడుతున్నారు. అమ్మ వంతు దగ్గరికొచ్చింది. నా చేతిలో ఉన్న ఆమె చెయ్యి చెమటకు జారిపోతోంది.

"ఆళ్లనెందుకు కొడ్తున్నరు? రొట్టెలు నేనే తీస్కపోతున్న" అని వినబడింది.

మామ అప్పటికే నడిచి వస్తున్నాడు. తాత భుజం పట్టుకోబోతే ఆ చెయ్యి మెల్లగా తీసేశాడు. తుపాకులవాళ్ల పెద్ద అతన్ని కింది నుంచి పైకి చూసి, "పహిల్వాన్‌వా నువ్వు?" అన్నాడు. "ఔ" అన్నాడు మామ. చేతులు వెనక్కి విరిచి కట్టి తీసుకుపోయారు. మలుపు తిరిగేదాకా అతను అమ్మ వైపు ఒక్కసారి కూడా చూడలేదు. చూస్తే వాళ్లకు తెలిసిపోతుందని కాబోలు.

మళ్లీ రాలేదు. భూపాలపల్లి అడవిలో చూశామన్నారు కొందరు, మానుకోట సంతలో అచ్చం అతనిలాంటి మనిషి కనిపించాడన్నారు ఇంకొందరు. విన్న ప్రతిసారీ తాత కర్ర పట్టుకుని బయల్దేరేవాడు, పాదాలు పగిలి తిరిగొచ్చేవాడు. తాలీం మూతబడింది. అన్నం ముందు కూర్చుని, "మన్ను ఎన్నడన్న ముందుగాల కదులుతదా? నేనే వాన్ని సక్కగ చూడలె. రొట్టెలు మోసెటంత నిప్పు వానిల ఏడుందో" అని తనలో తాను అనుకునేవాడు. అమ్మ వంచిన తల ఎత్తకుండా వడ్డించేది.

ఒకసారి నేను ఉండబట్టలేక, "తాతకు చెప్పరాదే?" అన్నాను.

"చెప్తే నా మొకం ఎట్ల సూస్తడు బిడ్డా? కొడుకు పాయె. ఉన్న ఒక్క బిడ్డ గూడ లేకుంట పోతది ఆయనకు" అంది అమ్మ.

మంచాన పడ్డాక తాతే ఆమెను దగ్గరికి పిలిచి అడిగాడు. "వాడు ఎందుకు కదిలిండో నీకేమన్న ఎరుకనా బిడ్డా?" అమ్మ ఆయన పాదాలకు నూనె రాస్తోంది. "నాకేం ఎరుక బాపు" అంది. రాయడం ఆపలేదు. తాత రెండో పాదం ఆమె వైపు జరిపాడు. తెలిసి అడిగాడో, తెలియక అడిగాడో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

శవం దొరకలేదు కనుక మామకు దినాలు చేయలేదు. ఏటా పెట్టడానికి తిథి కూడా లేదు. అమ్మ బతికున్నంతకాలం మధ్యాహ్నప్పూట బయట అడుగుల చప్పుడైతే చేస్తున్న పని ఆపి వాకిలి వైపు చూసేది. ఇప్పుడు ఆ చూడ్డం నా వంతు. ఎవరు ఏ రోజు పోయారో తెలిస్తే, వాళ్లు ఆ రోజు దగ్గరే ఆగిపోతారు. అది తెలియకపోతే మాత్రం మనతోపాటే నడుస్తూ, మనతోపాటే ముసలివాళ్లవుతూ వస్తారు.