పై పోస్టు వంతు

పవర్‌హౌస్ కంట్రోల్ రూమ్‌లో వైర్‌లెస్ ఆపరేటర్‌గా చేరినప్పుడు నాకు వానంటే ఒళ్ళుమంట. విజయనగరం వైపు మైదానంలో పెరిగినవాణ్ణి. అరకు దాటి లోపలికి వెళ్ళాక వచ్చే ఆ లోయలో వాన పట్టిందంటే ఎప్పుడు వదులుతుందో చెప్పే నాథుడు ఉండడు.

ఏటి పొడవునా మాకు నాలుగు పోస్టులుండేవి. ఒక్కో పోస్టులో ఒక మనిషి, ఒక వైర్‌లెస్ సెట్టు, నీళ్ళలో పాతిన కొలబద్ద. వానాకాలంలో మాత్రమే అక్కడుండే వాళ్ళు గంటగంటకీ నీటిమట్టం చెప్తే, నేను డ్యామ్ గేట్ల దగ్గరికి కబురు చేయాలి. అందరికీ కలిపి ఉన్నది ఒకటే ఛానల్. ఒకరు మీట నొక్కి పట్టుకుంటే మిగతావాళ్ళు ఎంత అరిచినా వినపడదు. అందుకని వంతులు.

ఆ వంతులు ఎవరు పెట్టారో గానీ, నేను వెళ్ళేసరికే వయసును బట్టి నడుస్తున్నాయి. డ్యామ్‌కి కూతవేటు దూరంలోని కింది పోస్టులో ఒక పెద్దాయన ఉండేవాడు. ఆయన ఉండగా చిన్నవాళ్ళు ముందు నోరెత్తితే ఏం బాగుంటుంది? కాబట్టి ఆయనదే మొదటి వంతు. మట్టంతో పాటు మోకాళ్ళ నొప్పులు, ఆ వారం సంతలో ఎండుచేపల రుచి కూడా మాకు వినిపించేవాడు. అందరికన్నా చిన్నది, ఏరు పుట్టే కొండ దగ్గర పై పోస్టులో ఉండే అమ్మాయి. తండ్రి పోయాక ఆయన ఉద్యోగంలో చేరిన ఆ కొండల పిల్లే. ఆమె వంతు ఆఖరు.

ఆఖరు వంతు తర్వాత పిలవాల్సినవాళ్ళు ఎవరూ ఉండరు. మట్టం చెప్పాక ఆమె కాస్త ఆగేది, నేను మైకు కింద పెట్టేవాణ్ణి కాదు. మంచు కిటికీ దాకా వచ్చిందనో, కాఫీ కాయలు ఇంకా పచ్చిగానే ఉన్నాయనో, చోడి అంబలి మరీ పులిసిపోయిందనో చెప్పేది. నేను మెస్సులో పప్పు గురించి ఫిర్యాదు చేసేవాణ్ణి. మిగతా పోస్టులవాళ్ళు ఇదంతా వింటున్నారని మా ఇద్దరికీ తెలుసు. ఎవరూ ఒక్కరోజు కూడా అడ్డు రాలేదు. ఆమెను నేను ఎన్నడూ చూడలేదు. ఆ గొంతు కోసమే గంట గడవాలని చూసేవాణ్ణి, వాన కూడా మంచిదనిపించేది.

ఒకరోజు పైన కుండపోత పడింది. ఏరు ఎక్కేస్తోంది. కింద పెద్దాయన కాలి వాపు గురించి చెబుతున్నాడు. ఆయన ఆగాక మధ్యవాళ్ళు ఇద్దరూ చెప్పారు. తన వంతు వచ్చేదాకా ఆమె మీట నొక్కలేదు. పెద్దల మాటకు అడ్డం పోకూడదని ఊరుకుంది. గేట్లు ఆలస్యంగా, అన్నీ ఒక్కసారిగా లేచాయి. మనుషులకేమీ కాలేదు గానీ, దిగువన సంత పాకలు కొట్టుకుపోయాయి.

వంతులు మార్చే పని నాకే పడింది. ఆలోచించడానికేముంది? నీళ్ళు ముందు కనబడేది పై పోస్టులో, కాబట్టి ఆమె ముందు. అంకె చెప్పాలి, వెనక ఇంకో వంతు ఉంటే వెంటనే మీట వదలాలి, ఏరు ప్రమాదం గుర్తు దాటితే ఎవరి వంతైనా సరే ఆపి ఆమెకివ్వాలి. పెద్దాయన నొచ్చుకుంటాడని భయపడుతూ చెప్పాను.

"ఆ పిల్లగుంటనే ముందు సెప్పనీ బాబూ. నీరు దాని కాడినుంచే కదా వొచ్చీది," అన్నాడాయన.

అలా ఆఖరు వంతు ఆయనకు పోయింది. మోకాళ్ళూ ఎండుచేపలూ ఇప్పుడు తీరిగ్గా, అడ్డూ ఆపూ లేకుండా వచ్చేవి. ఆమె మాత్రం అంకె చెప్పి, "నాది అయిపోనాది, తరవాతోల్ని పిలవండి," అనేది. గేట్లు సకాలంలో లేచేవి, పై అధికారులు మెచ్చుకున్నారు. అలా పెట్టడమే సరైనదని ఇప్పటికీ అంటాను. కానీ ఆ మంచు ఎక్కడిదాకా వచ్చిందో మళ్ళీ నాకు తెలియలేదు. వాన పడిన ప్రతి గంటా ఆమె గొంతు విని, విన్నది చాలక కూర్చునేవాణ్ణి. లీవు పెట్టి కొండెక్కుదామని ఎన్నోసార్లు అనుకున్నాను. వానల్లో నాకు లీవు లేదు, వానలు లేనప్పుడు పోస్టులో ఆమె లేదు.

కొన్నేళ్ళకు పెట్టెలు వచ్చాయి. స్తంభం మీద సోలార్ పలక, ఒక యాంటెన్నా, నీళ్ళలో మట్టం కొలిచే పరికరం. వాటికీ ఒకటే ఛానల్, వాటికీ వంతులు. వచ్చిన ఇంజనీరు నా వరసనే మిషన్లోకి ఎక్కించాడు. కింది నుంచి ఒక్కొక్క పోస్టూ ఖాళీ చేసుకుంటూ వెళ్ళారు. పెద్దాయన రిటైరై ఊరెళ్ళిపోయాడు. చివరికి పై పోస్టు ఒక్కటే మనిషి గొంతుతో మిగిలింది.

మర్నాడు అక్కడా పెట్టె పెడతారనగా ఆమె అంకె చెప్పింది. అలవాటుగా, "నాది అయిపోనాది, తరవాతోల్ని పిలవండి," అంది.

"ఇంకెవరూ లేరు," అన్నాను.

ఆమె మీట నొక్కింది. సెట్టులో ఆమె పోస్టు రేకుల మీద వాన చప్పుడు వినబడింది, మీట వదిలాక ఆగింది. ఇన్నేళ్ళూ దాచుకున్న మాటలన్నింటికీ ఛానల్ ఖాళీగా ఉంది.

"వాన పడుతోందా?" అన్నాను.

"పడతంది," అంది, మీట వదలకుండా.

ఇద్దరం కాసేపు ఆ వాన విన్నాం. తర్వాత ఆమే మీట వదిలేసింది.