అత్తయ్య దగ్గు పడిన బొమ్మ

ఇప్పుడైతే స్కానింగ్ మిషన్లో ఒక మీట నొక్కితే చాలు, పేషెంటు ఊపిరితో వచ్చే కదలికను అదే తీసేసి, దారప్పోగుల్లాంటి రక్తనాళాల్ని కూడా చూపిస్తుంది. ఆ రోజుల్లో, అంటే గుంటూరుకి రంగుల స్కానింగ్ ఇంకా కొత్తగా ఉన్న రోజుల్లో, ఆ పని మేం నోటితో చేసేవాళ్ళం. "ఊపిరి బిగబట్టండి, కదలకండి" అనాలి. రక్తం పారే చోట తెర మీద ఎరుపో నీలమో రావాలి. కానీ ఆ మిషన్‌కి పారే రక్తమూ ఒకటే, ఊగే పొట్టా ఒకటే. ఏది కదిలినా రంగు పులిమేసేది. ఎంబీబీఎస్ గట్టెక్కి అప్పుడప్పుడే స్కానింగ్ నేర్చుకుంటున్న నేను ఆ రెండు మాటల్నీ పోలీసు గొంతుతో పలికేవాణ్ణి. (ఒకసారి "వదలండి" అనడం మరిచిపోతే, పాపం ఒక పెద్దాయన మొహం కందగడ్డలా అయిపోయినా మర్యాద కొద్దీ అలాగే బిగబట్టి ఉన్నాడు.) బొమ్మ చెడిందంటే తప్పు పేషెంటుదే. నా చేతి మీద నాకు అంత నమ్మకం.

అలాంటి నా చేతికి మా మేనత్త దొరికింది. నన్ను ఎత్తి పెంచింది ఆమే. చిలకలూరిపేట దగ్గర మా ఊళ్ళో మిరప కల్లంలోనే ఆమె బతుకంతా గడిచింది, ఆ ఘాటుకి దగ్గు ఆమెను వదల్లేదు. ఆ ఏడు కిడ్నీ జబ్బు చేసింది. కిడ్నీ అంచుదాకా సన్న నాళాల్లో రక్తం వెళ్తోందో లేదో చూడాలని, ఇక్కడ తేలకపోతే హైదరాబాదు పంపాల్సిందేనని మా పెద్ద డాక్టరుగారు అన్నారు. హైదరాబాదంటే ఆమెకు హడలు. వైద్యానికని అక్కడికి వెళ్ళిన మా మావయ్య ప్రాణంతో తిరిగి రాలేదు.

బిగబట్టమన్నాను. బిగబట్టింది, దగ్గింది. తెరంతా కాయలు ఆరబోసిన కల్లంలా ఎర్రబడింది. మళ్ళీ అన్నాను, మళ్ళీ దగ్గింది. మూడు బొమ్మలు పాడయ్యేసరికి, వయసు కూడా చూడకుండా ఆమె మీద విసుక్కున్నాను. అత్తయ్య దగ్గు ఆపుకుని నా వంక చూసింది.

"కదలొద్దని అరుస్తావేందిరా? నిన్ను ఒళ్ళో ఏసుకుని కల్లంలో తెల్లబడ్డ తాలుకాయలు ఏరలా? నువ్వు ఎగిరెగిరి పడతన్నా నా చెయ్యి ఆగిందా? ఆ మోచెయ్యి నా డొక్క మీద ఆనించు. నాతో పాటే అదీ వచ్చిద్ది."

సిగ్గుపడుతూనే ఆనించాను. ఆమె ఊపిరి తీస్తే నా చెయ్యి లేచింది, వదిలితే దిగింది. దగ్గుకీ దగ్గుకీ మధ్య తెర నిలకడగా నిలిచింది. కిడ్నీ అంచుదాకా సన్నటి ఎర్ర పోగులు ఒక్కొక్కటే వెలిగాయి. పెద్ద డాక్టరుగారు వచ్చి చూసి, హైదరాబాదు అక్కర్లేదన్నారు. అత్తయ్య బయటికెళ్ళి, బల్ల మీద కూర్చున్న పేషెంట్లందరికీ మావాడి చెయ్యి మంచిదని చెప్పింది. అది ఎవరి చెయ్యో నాకు తెలుసు.

అత్తయ్య పోయి చాలా ఏళ్ళైంది. మిషనే అంతా సర్దుతుంటే ఈ మోచెయ్యి ఆనించడం ఎందుకు సార్ అని మా కుర్ర డాక్టర్లు నవ్వుతారు. అలవాటని తప్పించుకుంటాను. ఆనాటి మంచి బొమ్మ ఏ ఫైల్లో పోయిందో ఏమో, మొన్న పాత పుస్తకంలో చెడిపోయిన బొమ్మ ఒకటి బయటపడింది. వెలిసిపోయినా అంతా ఎరుపే. ఆమె దగ్గు. కదలొద్దని విసుక్కున్న ఆ కుర్రాణ్ణి తలుచుకుని నవ్వుకున్నాను. తర్వాత చాలాసేపు ఆ కాగితం మీద మోచెయ్యి ఆనించి కూర్చున్నాను.