మా అత్తమ్మతో చింతాద్రిపేట బోను పోటీకి

మా అత్తమ్మ రాజ్యలక్ష్మికి మోకాలు మార్చాక డాక్టరు కొన్నాళ్లు మంచం దిగొద్దన్నాడు. చూడాల్సిన సీరియళ్లన్నీ తొందరగానే అయిపోయాయి. తర్వాత ఫోనులో వంటల వీడియోలు చూడసాగింది. ఒకరోజు గుత్తివంకాయకీ చేపల పులుసుకీ మధ్యలో, ఇనప వల బిగించిన బోనులో ఇద్దరు ఆడపిల్లలు గుద్దుకుంటున్న వీడియో ఒకటి వచ్చింది. ఆమె దాన్ని పక్కకు తోసెయ్యలేదు. మంచం దిగి నడిచే వేళకు మా ఇంట్లో అన్నం దగ్గర ‘మెడపట్టు’, ‘మోచేతి మెలి’ లాంటి మాటలు మామూలైపోయాయి.

ఈ ఆటను ఎం.ఎం.ఏ. అంటారు. కుస్తీ, బాక్సింగు, కాళ్లతో తన్నడం, కింద పడేసి చెయ్యో మెడో మెలిపెట్టడం, అన్నీ ఒకే ఆటలో కలిపేశారు. నేను పప్పు, కూర, పెరుగు వేటికవి విడిగా తినే మనిషిని. ఆ కలగలుపు నాకు మొదటినుంచీ నచ్చలేదు.

అత్తమ్మకు మాత్రం నచ్చింది. అందులోనూ మైసూరు కావేరి అనే అమ్మాయి మరీ నచ్చింది. కావేరి అప్పటిదాకా ఓడిపోలేదు. ఆ పిల్ల చెన్నైలో ఆడబోతోందని తెలిసిన సాయంత్రం అత్తమ్మ నన్ను పిలిచి, “అబ్బయ్యా, ఆదివారం నీకు బడి లేదు గదా,” అంది. నేను మా ఆవిడ వైపు చూశాను. “నాకు రక్తం చూస్తే కళ్లు తిరుగుతాయి, మీరే తీసుకెళ్లండి,” అని ఆమె వంటింట్లోకి వెళ్లిపోయింది. నాకూ తిరుగుతాయని చెప్పే అవకాశం దొరకలేదు.

ఆదివారం ఉదయం ఏడు దాటాక మా సూళ్లూరుపేటలో చెన్నై లోకల్ ఎక్కాం. వెళ్లదలచుకున్నవాళ్లకు ఒక మాట. ఈ బండి ఇక్కడే బయలుదేరుతుంది కాబట్టి కాస్త ముందు వస్తే కిటికీ పక్కన చోటు దొరుకుతుంది. టిక్కెట్టు చవక. మేమెక్కిన పెట్టెలో మరుగుదొడ్డి లేదు గనక కాఫీ విషయంలో నిగ్రహం అవసరం. అత్తమ్మ నిగ్రహించుకుంది. నేను నిగ్రహించుకోలేదు, గుమ్మిడిపూండి దాటాక దాని ఫలితం అనుభవించాను.

తడలో ఒకాయన ఎక్కి మా ఎదురుగా కూర్చున్నాడు. యాభై ఏళ్లుంటాయి. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, భుజాన తువాలు, ఒళ్లో గుడ్డసంచి. తన పేరు యేసుపాదమనీ, వ్యాసర్పాడి యార్డులో సరుకు దించే పనిచేస్తాననీ, తడలో అక్కను చూసి వస్తున్నాననీ చెప్పాడు. తాతల కాలం నుంచీ మద్రాసులోనే ఉన్నారట.

“మీరు యాడికిమా?” అని అరవం కలిసిన తెలుగులో అడిగాడు.

ఆ ప్రశ్న కోసమే అత్తమ్మ సూళ్లూరుపేట నుంచి ఎదురుచూస్తోంది. చింతాద్రిపేటలో పోటీ సంగతి, కావేరి సంగతి, ఆ పిల్ల ఎవరెవరిని ఎట్లా పడగొట్టిందీ, అన్నీ చేతులు తిప్పుతూ చెప్పింది. ఒక పట్టు చూపించడానికి నా మోచెయ్యి వాడుకుంది. బండి ఎళావూరు దాటేదాకా ఆ చెయ్యి నాకు తిరిగి రాలేదు.

“ఈరోజు ఎవరితోమా ఆట?” అన్నాడు యేసుపాదం.

“ఎవరో వ్యాసర్పాడి పిల్లంట. ఆడాల్సిన అమ్మాయికి చీలమండ బెణికిందని ఈ పిల్లని పిలిపించినారు. పాపం, దాన్ని చూస్తే జాలేస్తా ఉండాది.”

“గెలవదా?”

“యాడ గెలస్తాది నాయనా. మొదటి రౌండు దాటితే గొప్ప.”

“దెబ్బలు గట్టిగా తగలతాయామా?”

“కావేరి పైన కూర్చుందంటే ఇంక లేవనీదు. మిరపకాయలు దంచినట్టు దంచతాది.”

యేసుపాదం సరి సరి అని తలాడించాడు. పొన్నేరిలో జామకాయలు కొని మా ఇద్దరికీ చెరొకటి ఇచ్చాడు. తను తినలేదు. కాసేపయ్యాక సంచిలోంచి చిన్న నూనె సీసా తీశాడు.

“నీకు ఇదంతా తెలుసు గదమా, ఒకటి అడగతా. ఆటకు ముందు ఒంటికి నూనె రాసుకుంటే ఒప్పుకుంటారా? మా అక్క చర్చిలో ప్రార్థన చేయించిన నూనె.”

“ఒప్పుకోరు. జారతాదని ఆటలోంచే తీసేస్తారు. అయినా ఎవరికి రాస్తావు?”

“ఆ వ్యాసర్పాడి పిల్లకిమా. రూతు. మా పాపే.”

అత్తమ్మ చేతిలో సగం కొరికిన జామకాయ ఉంది. దాన్ని ఎటు పెట్టాలో తెలియక నాకిచ్చింది. మీంజూరు వచ్చేదాకా ముగ్గురం కిటికీలోంచి బయటికి చూశాం. అక్కడ చూడదగిందేమీ లేదు.

చివరికి అత్తమ్మ ఆయన వైపు తిరిగింది. “మొదటి రౌండు దాటొచ్చులే,” అంది.

ఆయన నొచ్చుకోలేదు. తన బాధ వేరేదని చెప్పాడు. రూతు అంబత్తూరులో ఒక కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తూ, సాయంత్రాలు ఒక షెడ్డులో ఈ ఆట నేర్చుకుంది. ఇంతకుముందు కొన్నిసార్లు ఆడింది, ఎక్కువసార్లు ఓడింది. ఆమె ఆడిన ప్రతిసారీ తల్లి లోపల మంచినీళ్లు పట్టుకుని నిలబడితే, తండ్రి బయట టీ కొట్టు దగ్గర నిలబడ్డాడు.

“మూటలు మోస్తానుమా, భయం లేదు. బిడ్డని ఇంకొకరు కొడతా ఉంటే చూడాలంటే కాళ్లు ఆడవు. నాయనా, ఈసారన్నా లోపలికి రా అనింది. సరి అన్నా. అప్పట్నించీ అన్నం దిగలా.”

“నువ్వు మాతో రా. నా పక్కన కూర్చో. భయమైతే కళ్లు మూసుకో, ఏం జరగతా ఉందో నేను చెప్తా,” అంది అత్తమ్మ.

పది దాటాక సెంట్రల్లో దిగాం. అక్కడినుంచి చింతాద్రిపేట దగ్గరే. కూవం ఏటి వంతెన దాటేటప్పుడు ముక్కు మూసుకోవాలని ఆటో ఆయన ముందే హెచ్చరించాడు గానీ, రేటు గురించి ఎందుకో ముందే చెప్పలేదు. భోజనానికి ఒక చిన్న మెస్సుకు వెళ్లాం. వంజరం చేప వేపుడు చాలా బాగుంది. అత్తమ్మా నేనూ రెండోసారి వేయించుకున్నాం. యేసుపాదం రసం మాత్రం తాగాడు.

పోటీ పెట్టింది ఒక పాత కల్యాణమండపంలో. ముందురోజు అక్కడ పెళ్లి జరిగినట్టుంది, గుమ్మం మీద పూల తోరణం అలాగే ఉంది. లోపల హాలు నడుమ ఎత్తయిన అరుగు వేసి, చుట్టూ నల్లటి ఇనప వల బిగించారు. కుర్చీలకు మెరిసే గులాబీ రంగు తొడుగులు. పెళ్లికొడుకు, పెళ్లికూతురు కూర్చునే సింహాసనాల్లాంటి కుర్చీల్లో ఇద్దరు డాక్టర్లు దూది, కట్లు ముందు పెట్టుకుని కూర్చున్నారు.

చూసేవాళ్లు ఎవరుంటారులే అనుకుంటూ వెళ్లాను. మేం వెళ్లేసరికే హాలు సగం నిండింది. రెండు దాటేసరికి గోడల వెంబడి నిలబడ్డారు. కాలేజీ పిల్లలు, ఫుడ్ డెలివరీ చొక్కాలతో వచ్చిన కుర్రాళ్లు, చంకలో బిడ్డతో ఒక తల్లి. మా వెనక వరసలో మల్లెపూలు పెట్టుకున్న ఆడవాళ్లు ఒక గుంపుగా కూర్చున్నారు. రూతుతో పాటు ప్యాకింగులో పనిచేసేవాళ్లట. వాళ్లలో తెలుగు వచ్చిన ఒకామె నాతో, “మునుపు ఈ ఆట మా ఇంట్లో మగవాళ్లు చూసేది సార్. ఇప్పుడు మేము చూస్తా ఉంటే వాళ్లు వంట చేస్తారు,” అంది.

మొదటి ఆటలోనే హాలు నోరు తెరిచింది. ఒళ్లంతా పచ్చబొట్లున్న ఒక వస్తాదు చేతులు ఊపుతూ బోనులోకి వచ్చాడు. ఎదుటివాడు బక్కగా, పరీక్ష హాలుకు ఆలస్యంగా వచ్చిన విద్యార్థిలా ఉన్నాడు. గంట కొట్టారు. నేను కళ్లద్దాలు తుడుచుకుని పెట్టుకునే సరికి వస్తాదు వెల్లకిలా పడి పైకప్పు చూస్తున్నాడు. తర్వాతి ఆటలోనూ అందరూ గెలుస్తుందనుకున్న అమ్మాయే ఓడింది.

అత్తమ్మ మొహంలో రంగు మారింది. “ఈరోజు గాలి బాగలేదు అబ్బయ్యా. మా కావేరికి ఏమవతాదో,” అని నా చెవిలో అంది. అవతలి పక్కన యేసుపాదం వింటాడేమోనని నేను దగ్గాను.

నాలుగు కావస్తుండగా రూతు వచ్చింది. పొట్టిగా ఉంది, జుట్టు గట్టిగా జడలల్లి ఉంది. బోనులోకి వెళ్లేముందు వరసలన్నీ వెతికి తండ్రిని చూసింది. ఆయన చెయ్యి ఎత్తాడు. ఆ చెయ్యి దించుతూనే తువాలు తీసి మొహం మీద కప్పుకున్నాడు.

కావేరి వచ్చినప్పుడు హాలు అదిరింది. అత్తమ్మ కూడా లేవబోయి, పక్కన తువాలు కింద ఉన్న మనిషిని చూసి, మోకాలు సర్దుకుంటున్నట్టు కూర్చుంది.

గంట మోగీ మోగకముందే కావేరి రూతు కాళ్లు పట్టి ఎత్తి నేలకు వేసింది. మీద కూర్చుంది. ఆ చప్పుడుకు నాకు రెండోసారి వేయించుకున్న వంజరం గుర్తొచ్చింది.

“ఏమైందిమా?” అని తువాలు అడిగింది.

అత్తమ్మ బోను వైపు చూసింది. ఆయన వైపు చూసింది. “బాగా ఆడతా ఉండాది,” అంది.

“కిందుందా, పైనుందా?”

“పైనే. పైన కూర్చోనుండాది.”

నేను అత్తమ్మ వైపు చూశాను. ఆమె నా కాలు తొక్కింది. ఆపరేషన్ అయిన కాల్లో అంత బలం వచ్చిందని డాక్టరుకు చెప్పాలి.

రెండో రౌండులోనూ అదే వరస. రూతు ముక్కులోంచి రక్తం వచ్చింది. వెనక ఆడవాళ్లు “రక్తం, రక్తం” అన్నారు. యేసుపాదం అత్తమ్మ చెయ్యి పట్టుకున్నాడు.

“ఎవరికిమా రక్తం?”

“ఆ మైసూరు పిల్లకి.” తన కావేరిని అంత మాట అంటూ ఆమె బోను వైపు నుంచి మొహం తిప్పుకుంది.

“అయ్యో. ఆ పాప అమ్మ వచ్చిందా ఈడికి?” అని, ఆయన తువాలు కిందే కావేరి కోసం ప్రార్థన మొదలుపెట్టాడు. ఆ దెబ్బలు తింటున్న బిడ్డకు బలమివ్వమని అడిగాడు. ప్రార్థన ఎవరి పేరు మీద ఎవరికి చేరుతుందో నాకు తెలియదు. నేను లెక్కల మాస్టారిని.

మూడో రౌండులో కూడా రూతు కిందే ఉంది. అత్తమ్మ మాత్రం ఆగలేదు. ఇప్పుడు తన్నింది, ఇప్పుడు తప్పించుకుంది, ఇప్పుడు కావేరి అలిసిపోయింది అని చెబుతూనే ఉంది. ఆమె బోను వైపు చూడటం ఎప్పుడో మానేసింది. ఆయన వేళ్లు తన చెయ్యిని ఎంత బిగిస్తున్నాయో చూసుకుంటూ మాటలు అల్లుతోంది. అందువల్ల జరిగింది చూసింది మా ముగ్గురిలో నేనొక్కణ్ణే. కావేరి గట్టిగా గుద్దబోయి చెయ్యి చాచింది. రూతు కింద నుంచే ఆ చెయ్యి ఒడిసిపట్టి, రెండు కాళ్లూ ఆమె ఛాతీ మీదుగా వేసి వెనక్కి వాలింది. మోచెయ్యి వంకర తిరగబోయింది. కావేరి ఓటమి ఒప్పుకుంటూ మరో చేత్తో టపటపా తట్టింది. రెఫరీ వాళ్ల మధ్యకు దూకాడు.

వెనక ఆడవాళ్లు కుర్చీలెక్కారు. గులాబీ రంగు తొడుగులు చిరిగాయి. అత్తమ్మ నోరు తెరుచుకుని నా వైపు తిరిగింది. “ఏమైందబ్బయ్యా?” అంది.

“రూతు గెలిచింది.”

“నిజంగానా?”

ఆ మాట విని యేసుపాదం తువాలు తీసి, చక్కగా మడిచి భుజాన వేసుకున్నాడు. అంతమందిలో ఆశ్చర్యపోని మనిషి ఆయనొక్కడే. “గెలస్తాది గదమా. మొదట్నించీ నువ్వు చెప్తానే ఉండావే,” అన్నాడు.

అరగంటకు రూతు, వాళ్లమ్మ మేం కాచుకుని ఉన్న భోజనాల హాలులోకి వచ్చారు. రూతుకు ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది, పెదవి వాచింది. యేసుపాదం కూతురి మొహం చూశాడు. తర్వాత మా అత్తమ్మ మొహం చూశాడు.

“పైన కూర్చోనుండాదంటివే.”

“మధ్యలో రవ్వంత కిందా పైనా అయింది,” అంది అత్తమ్మ, నేల చూస్తూ.

“నాయనా, చూసినావా?” అంది రూతు.

“చూసినా. మొత్తం నువ్వే పైన.”

ఆ పిల్ల నవ్వబోయి పెదవి పట్టుకుంది. మమ్మల్నీ, ఆయన భుజాన మడిచిన తువాలునూ చూసింది. “లోపలే కూర్చున్నావా, కడదాకా?”

“ఈమె వదల్లా. లోపలే కూర్చున్నా.”

“పోదుం నాయనా,” అంది రూతు. అరవంలో ఆ మాటకు ‘చాలు’ అని అర్థం. తండ్రి భుజం మీద తల ఆనించింది. ఆయన ఆ తలమీద చెయ్యి వెయ్యడానికి ఎక్కడ వాపు లేదో వెతికాడు.

గది మూల కావేరి మోచేతికి ఐసు పెట్టుకుని ఒంటరిగా కూర్చుంది. అత్తమ్మ వెళ్లి ఆమె పక్కన కుర్చీ లాక్కుంది. ఒకరికి కన్నడం, ఒకరికి తెలుగు. ఏం మాట్లాడుకున్నారో గానీ, లేచేటప్పటికి యేసుపాదం నూనె సీసా కావేరి చేతిలో ఉంది. ఆటయ్యాక మోచేతికి రాసుకోవడానికి అభ్యంతరం ఉండదని అత్తమ్మే అడిగి ఇప్పించిందట.

ఆరింటికి సెంట్రల్లో సూళ్లూరుపేట బండి ఎక్కాం. ఆదివారం సాయంత్రం రద్దీ ఎక్కువ, పెద్దవాళ్లతో వచ్చేవాళ్లు ముందే వచ్చి చోటు పట్టుకోవడం మంచిది. మాకు చోటిచ్చిన కాలేజీ కుర్రాడు కూడా ఆ పోటీ నుంచే వస్తున్నాడు. కావేరి ఓడిపోయిందని అతనికి ఏడుపొచ్చేలా ఉంది. ఓడిపోయినవాళ్ల కోసం అంత బాధపడే జనం ఉన్నంతకాలం ఈ ఆటకు చూసేవాళ్లకు కొదవుండదని నాకనిపించింది. నా వరకు, కళ్లు తిరగలేదు. మళ్లీ వెళ్లమంటే మధ్యాహ్నం వంజరం ఒక్కసారే వేయించుకునేట్టు చూస్తాను.

ఆ కుర్రాడు రూతు ఆటంతా ఫోనులో తీశాడు. ఎన్నూరు దాటాక అత్తమ్మ అది అడిగి తీసుకుని, కళ్లద్దాలు పెట్టుకుని, మొదటినుంచీ చూసింది. పడటం, గుద్దులు, రక్తం, ఏదీ దాటవేయలేదు. చివరి పట్టు దగ్గర ఆపి మళ్లీ చూసింది. ఫోను తిరిగిచ్చేసింది.

“కావేరి ఓడిందని బాధగా ఉందా?” అన్నాను.

“అది కాదబ్బయ్యా,” అంది. “నేను ఆయనకి అంత అబద్ధం చెప్తినా, ఆ పిల్ల నా అబద్ధం కన్నా బాగా ఆడింది.”